డబ్బాల మలుపులో మోగిన కొత్త కారు

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో, మా ఊరి తోటలు మొదలయ్యే చోట ఒక మలుపుంది. డబ్బాల మలుపు అంటారు. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ ఆగరు. సైకిలు చైను ఊడిపోతే సైకిలునే భుజాన వేసుకుని మలుపు దాటాక దింపుతారు. దగ్గు వచ్చినా మింగేస్తారు.

ఎందుకంటే – అక్కడ దగ్గితే జవాబొస్తుందట.

గల... గల... గల... అని.

నేను చూసింది కాదు, విన్నది. మా పినతల్లి కూతురు నాగేంద్రమ్మకి జరిగింది, తనే చెప్పింది. నాకు ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి కూడా మాడువాసన వచ్చాక గాని గుర్తు రావడం లేదు. ఈ కథ కూడా మాడిపోకముందే దింపి పెడుతున్నాను.

ముందు ఆ గలగల సంగతి.

మలుపు పక్కనున్న మామిడితోట నాగేంద్రమ్మ మామగారు వేసింది. దానికి గంగరాజు అని ఒక కాపలాదారు ఉండేవాడు. చిలకల్ని తోలడానికి అతను చెట్టుచెట్టుకీ చిన్న రేకు డబ్బాలు కట్టి, వాటిలో గులకరాళ్లు పోసి, అన్నిటినీ ఒకే తాడుతో కలిపాడు. ఆ తాడు కొస తన కాలి బొటనవేలికి కట్టుకుని మంచం మీద పడుకునేవాడు. చిలక వాలితే వేలు ఆడించేవాడు. తోటంతా గలగలమనేది. లేచే పనే లేదు. అంత సుఖపురుషుడు.

ఒక వేసవిలో ఆ మంచం మీదే, నిద్రలోనే పోయాడు. తెల్లారి చూసినవాళ్లు, ప్రాణం నిన్న సాయంత్రమే పోయి ఉంటుందన్నారు. ఒళ్లంతా కొయ్యబారిపోయింది.

కానీ డబ్బాలు రాత్రంతా మోగాయి. ఊళ్లో అందరూ విన్నారు.

గాలికి మోగి ఉంటాయన్నారు కొందరు. ఆ రాత్రి ఆకు కదల్లేదు కదా అన్నారు మిగతావాళ్లు. తాడు తెంపేశారు, డబ్బాలు ఏరి పారేశారు. తర్వాత వచ్చిన కాపలావాళ్లు ఒడిసెలతో రాళ్లు విసిరేవారే గాని డబ్బా మాట ఎత్తేవారు కాదు. కొన్నేళ్లకి గంగరాజుని అందరూ మరిచిపోయారు. మలుపుకి పేరు మాత్రం మిగిలింది.

ఇక కారు.

ఎనభై అయిదో, ఎనభై ఆరో... శివరాత్రి వెళ్లాక అన్నది మాత్రం గట్టి. నాగేంద్రమ్మ కారు కొంది. బుక్ చేసి ఏళ్ల తరబడి కాచుక్కూచుంటే వచ్చే చిన్న కారు. మీగడ రంగు. మా చుట్టుపక్కల మగమహారాజులకే కారు లేదు. భర్త పోయిన ఆడది కొనేసరికి ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. వేలితో ఒకసారి తాకడం, ఆ వేలిముద్రని కొంగుతో తుడవడం, వెళ్లిపోవడం.

సరదాకి కొన్నది కాదు. భర్త పోయినప్పటి నుంచి తన తోటకి తాను వెళ్లాలన్నా ఆమె మరిది బుచ్చయ్య తీరిక కోసం కనిపెట్టుకుని ఉండాలి. ఆయన బండి కట్టిస్తే వెళ్లాలి, కట్టించకపోతే అరుగు మీద కూర్చోవాలి. పూత ఎలా ఉందో, కాయ ఎప్పుడు కోయాలో, ఎవరికి అమ్మాలో ఆయనే చూసొచ్చి చెప్పేవాడు. కారు వచ్చాక పొద్దుపొడిచేసరికి ఆమె తోటలో ఉండేది. తన చెట్ల పూత తన కళ్లతో చూసుకుంది. ఆ కారు పోతే మళ్లీ అరుగే.

కారు నడపడానికి శౌరి అని ఒక డ్రైవరుని పెట్టుకుంది. ఏటా గుణదల మాత తిరునాళ్లకి నడిచి వెళ్లే మనిషి. కారుని పసిపిల్లని తుడిచినట్టు తుడిచేవాడు. ఎవరడిగినా బానెట్ ఎత్తి, ఇది బ్యాటరీ, ఇది రేడియేటరు అని చూపించేవాడు. వారం తిరక్కుండా ఆ ఇంట్లో అందరికీ బానెట్ ఎత్తడం వచ్చేసింది.

ఆ వారంలోనే విస్సన్నపేటలో ఒక గృహప్రవేశానికి వెళ్లి, దీపాలు పెట్టే వేళకి తిరిగి వస్తున్నారు. శౌరి నడుపుతున్నాడు. అతని పక్కన బుచ్చయ్య. వెనక నాగేంద్రమ్మ, ఆమె తోడికోడలు వెంకటలక్ష్మి – అంటే బుచ్చయ్య భార్య.

మలుపు దగ్గర కంకర తేలి, దారి కాస్త ఎత్తుగా ఉంటుంది. శౌరి గేరు తగ్గించాడు. ఇంజను ఒక్క వణుకు వణికింది.

లోపల... గల... గల... గల...

చాలా సన్నగా.

నలుగురూ విన్నారు. నలుగురూ విననట్టే కూర్చున్నారు.

"కొత్త ఇంజను కదండీ... సర్దుకుంటుంది," అన్నాడు శౌరి ఊరు దగ్గర పడ్డాక. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

సర్దుకోలేదు. కొద్ది రోజులకి ఆ గలగలకి తోడు ఠంగ్ ఠంగ్ మని మోత మొదలైంది. తర్వాత ఏదో గీస్తున్నట్టు కిర్రుకిర్రు. ఉగాది నాటికి ఇంజనులో ఎవరో ఇత్తడి సామాన్ల కొట్టు పెట్టినట్టుంది. మొదట మలుపులోనే మోగేది, తర్వాత గతుకు తగిలిన చోటల్లా మోగింది. హారను కొట్టే పని తప్పింది. ఆ చప్పుడికి కుక్కలు కూడా లేచి దారిచ్చేవి.

దెయ్యం మలుపులో కారెక్కిందన్నారు ఊళ్లో. ఎక్కినందుకు కాదు, దిగనందుకు ఆశ్చర్యపోయారు. మెత్తటి సీట్లు మరిగాక ఏ దెయ్యం మాత్రం దిగుతుంది అన్నారు.

నూజివీడులో జోజి అని మంచి మెకానిక్ ఉన్నాడు. అతని దగ్గరికి తీసుకెళ్లారు. బానెట్ ఎత్తి చూశాడు, కింద దూరి చూశాడు, చెవి ఆనించి విన్నాడు. కావాలని గతుకుల దారిలో తిప్పి తెచ్చాడు. చిన్న చప్పుడు కూడా లేదు. కారుకి ఏ రోగమూ లేదని పంపేశాడు. ఇంటికొచ్చిన మర్నాడు మళ్లీ ఇత్తడి కొట్టు తెరిచింది. మళ్లీ తీసుకెళ్లారు, మళ్లీ ఏమీ లేదు. మూడోసారి వెళ్లినప్పుడు జోజి చేతులు తుడుచుకుంటూ మర్యాదగానే అన్నాడు:

"అమ్మా, ఈసారి వచ్చేటప్పుడు ఆ మోతని కూడా వెంట తీసుకురండి."

దానికి తోడు, కారుని జోజి దగ్గరికి తీసుకెళ్లాలనుకున్న ప్రతిసారీ ముందురోజు రాత్రి కారు షెడ్డులో ఏదో తిరిగేది. తెల్లచీర ఆకారాన్ని శౌరి చూశాడు. తల లేని మగమనిషిని వెంకటలక్ష్మి చూసింది. బుచ్చయ్య ఏం చూశాడో చెప్పలేదు గాని జ్వరం పడి లేచాడు.

జ్వరం తగ్గగానే వదినగారి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఏలూరులో ఒకాయనతో మాట్లాడేశాడట. ఆదివారం వచ్చి కారు తీసుకుపోతాడట.

"దెయ్యం పట్టిన బండి ఇంట్లో ఎందుకు వదినా. తోటకి వెళ్లాలంటే మీకు నేను లేనూ?"

ఆ చివరి మాటకి నాగేంద్రమ్మకి దెయ్యం కంటే ఎక్కువ భయం వేసింది.

ఆదివారం రేపనగా శనివారం నాడు, మళ్లీ విస్సన్నపేటలోనే, ఒక పెళ్లికి వెళ్లి వస్తున్నారు. అవే సీట్లలో ఆ నలుగురే. అప్పుడే చీకటి పడింది. కరెంటు లేదు. తోటలన్నీ ఒకే నల్లటి ముద్దలా ఉన్నాయి. మలుపు వచ్చింది. శౌరి గేరు తగ్గించాడు. ఠంగ్... కిర్రు... గల... గల...

"శౌరీ, ఆపు."

"ఇక్కడా అమ్మగారూ..."

"ఇక్కడే."

ఇంజను ఆగింది. మోతా ఆగింది. కీచురాళ్ల చప్పుడు ఒక్కటే మిగిలింది.

నాగేంద్రమ్మ టార్చిలైటు తీసుకుని దిగింది. బానెట్ ఎత్తమంది. ఇంజను కాలుతోంది, చల్లారాలి అన్నాడు శౌరి. అసలే శనివారం, ఇప్పుడు వద్దక్కయ్యా అంది వెంకటలక్ష్మి. పొద్దున ఏలూరు ఆయన వచ్చి చూసుకుంటాడులే అన్నాడు బుచ్చయ్య. ముగ్గురూ వచ్చి బానెట్‌కి అడ్డంగా నిలబడ్డారు.

నిజానికి ఎత్తాలని ఆమెకీ లేదు. ఎత్తితే ముందు బయటపడేది ఆమె గుట్టే. ఆ మరిది ముందే నవ్వులపాలు కావాలి. ఎత్తకపోతే రేపు కారు పోతుంది, ఎల్లుండి నుంచి అరుగు మీద కూర్చోవాలి. ఆ చీకట్లో... ఒక్క క్షణం ఆగింది.

అందర్నీ పక్కకి నెట్టి తనే ఎత్తింది.

టార్చి వెలుగు పడింది. బ్యాటరీ పక్కన ఇనప అడకత్తెర ఒకటి మెరిసింది.

"అది నాదే," అంది నాగేంద్రమ్మ. దెయ్యాలూ లేవు, తాయెత్తులూ లేవని ఊరందరికీ చెప్పే మనిషి. "ఇనుమంటే దెయ్యానికి భయమన్నారని పెట్టాను. నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. టార్చి కొంచెం జరిగింది. రేడియేటరు వెనక గుర్రపు నాడా వేలాడుతోంది.

బుచ్చయ్య దగ్గాడు. ఆ మలుపులో, ఆ చీకట్లో... మరిచిపోయి దగ్గాడు.

"అంటే... బండి క్షేమం కోసమేలే వదినా."

టార్చి ఇంకొంచెం జరిగింది. గవ్వలు నింపిన ఇత్తడి భరిణె. వెంకటలక్ష్మి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఇంకా లోపల, గొలుసుతో సహా మరియమ్మ పతకం. శౌరి నేల చూపులు చూశాడు.

మొదటిసారి ఆ సన్నటి గలగల విన్న మర్నాడు, ఎవరికి వారు రహస్యంగా, దీపం లేకుండా చేత్తో తడుముకుంటూ పెట్టినవి. రక్ష పెట్టిన సంగతి పైకి చెబితే ఫలం పోతుందని మన నమ్మకం కదా, చెప్పుకోలేదు. మోత పెరిగిన కొద్దీ బిగించి కట్టారు. జోజి దగ్గరికి వెళ్లాలనగానే ఆ ముందు రాత్రి ఎవరిది వారు తీసేసుకునేవారు. అతను చూస్తే నవ్వుతాడని శౌరి, పరువు పోతుందని బుచ్చయ్య, పరాయి చెయ్యి తగలకూడదని వెంకటలక్ష్మి. నాగేంద్రమ్మ ఎందుకో చెప్పక్కర్లేదు. బాగుచేయించుకుని వచ్చిన రాత్రి మళ్లీ ఎవరిది వారు పెట్టేవారు. తెల్లచీర వెంకటలక్ష్మిది. తల లేనివాడు తువ్వాలు ముసుగేసుకున్న బుచ్చయ్య.

ఎవరిది వారు విప్పి తీసుకున్నారు. తర్వాత శౌరి నెమ్మదిగా అన్నాడు.

"కారంతా ఇనుమే కదండీ. ఇనుముకి భయపడే దెయ్యమైతే అసలు ఎక్కేదే కాదు."

మొదట వెంకటలక్ష్మి నవ్వింది. ఆపుకోలేక రోడ్డు మీదే కూలబడింది. తర్వాత నాగేంద్రమ్మ, తర్వాత శౌరి, చివరికి బుచ్చయ్య కూడా. ఊరంతా ఊపిరి బిగబట్టి దాటే చోట నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. దెయ్యం ఉంటే భయపడి పారిపోవలసిందే.

"అమ్మేస్తానన్న బండికి ఆ నాడా ఎందుకు కట్టారండీ?" అని వెంకటలక్ష్మి మొగుణ్ణి అడిగింది, కళ్లు తుడుచుకుంటూ.

ముందు సీటంటే ఆయనకీ ఇష్టమే మరి. ఏలూరు ఆయన్ని రావద్దని కబురు చేస్తానని గొణిగాడు. కారు నిలిచింది.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ ఎప్పుడు చెప్పినా నాకు దీని లెక్క కుదరదు. అడకత్తెర నాగేంద్రమ్మది. నాడా బుచ్చయ్యది. భరిణె వెంకటలక్ష్మిది. పతకం శౌరిది. మనుషులు అయిపోయారు. నా తలలో మాత్రం ఇంకొకటి మిగులుతోంది – అరచేతిలో పట్టే తుప్పు డబ్బా, లోపల గులకరాళ్లు, మెడకి తెగిన తాడు ముక్క. విన్నప్పుడు అదీ విన్నట్టే గుర్తు. ఎవరిదని చెప్పిందో ఎంత తన్నుకున్నా రాదు. మతిమరుపు ముదిరిపోయిందని బెంగపెట్టుకున్నాను.

మొన్న నాగేంద్రమ్మ మా ఇంటికి వస్తే, సిగ్గు విడిచి అడిగేశాను.

ఆమె నవ్వలేదు. వీధిలో ఆగి ఉన్న కారు వంక చూసింది.

"నీది మతిమరుపు కాదక్కా. అదెవరిదో నేను చెప్పలేదు. మాకే తెలియదు."

నవ్వులు అయ్యాక బానెట్ దించబోతుంటే టార్చి వెలుగు అడుగున ఆ డబ్బా మీద పడిందట. నాది కాదంటే నాది కాదన్నారు. శౌరి ఒట్టేశాడు. నాగేంద్రమ్మ దాన్ని తీసి ఒక్కసారి ఆడించింది.

గల... గల... గల...

మొదటి రోజు చప్పుడు. ఇంకా ఎవరూ ఏమీ పెట్టకముందు విన్న చప్పుడు.

"జోజి దగ్గరికి వెళ్లేముందు మావి మేం తీసుకున్నాం," అంది నాగేంద్రమ్మ గొంతు తగ్గించి. "దాన్ని ఎవరు తీశారక్కా? అతని కంట ఒక్కసారీ పడలేదు."

ఆ రాత్రి ఆమె ఆ డబ్బా పట్టుకుని, చీకట్లోనే తోట అంచుకి నడిచిందట. చేతికందిన కొమ్మకి తగిలించి, "గంగరాజూ, నీ కాపలా ఇక్కడయ్యా, కారులో కాదు," అని చెప్పి వచ్చేసింది. నలుగురూ ఎక్కి కూర్చున్నారు. కారు వెన్నలా కదిలింది. ఆ తర్వాత మళ్లీ ఇంతవరకూ మోగలేదు.

"డబ్బాకి తాడు కట్టావా?" అని అడిగాను.

"లేదు. ఊరికే తగిలించాను."

తర్వాత తనే చెప్పింది. ఆ వేసవి ఊళ్లో పిల్లలు చిలకకొట్టుడు కాయల కోసం ఆ తోటంతా గాలించారట... ఒక్కటి కూడా దొరకలేదట.