మందు పడని డిష్

మా విన్నిపెగ్ ల్యాబులో ఒక కట్టుబాటు ఉంది. సొంతవాళ్ళ కణాలు పెంచకూడదు. నేను పెంచాను.

ఆ వారం ఆసుపత్రి నుంచి బొడ్డుతాళ్ళు రాలేదు. వాటి రక్తనాళాల లోపలి కణాలే మాకు ఆధారం. నాలుగేళ్ళ కిందట మా పాప బ్రిన్ పుట్టినప్పుడు దాచిన కణాలు ఫ్రీజర్లో కనిపించాయి.

"సొంత పిల్లవా? పిచ్చా నీకు, లోర్న్?" అంది పక్కబల్ల మార్గో.

"మూత మీద నంబరే కదా రాస్తాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. వెధవ తెలివి నాది!

కణాలు పెంచే గాజు డిష్‌లు రెండు పెట్టాను. ఒకదాంట్లో నాళాలు పెరిగే మందు పోశాను. రెండోదాంట్లో పోయలేదు. పోల్చి చూడ్డానికి ఒకటి ఆకలితో మాడి చావాలి, అదీ మా పద్ధతి.

ఆదివారం మధ్యాహ్నం చూద్దామని వెళ్ళాను. మైక్రోస్కోపు గదికి కిటికీ లేదు. కణాల్ని ఒంటివేడిలో ఉంచే పెట్టె తలుపు తీయగానే వెచ్చగా పసిపిల్ల తల వాసన వచ్చింది. ఆకలి డిష్ తీసి చూశాను. అంచు నుంచి అంచు దాకా నాళాలు... లావుగా... కొట్టుకుంటున్నాయి.

ఫోన్ మోగింది. మా ఆవిడ జోయన్.

"బ్రిన్ పాలిపోయిందండీ. పెదాలకి రంగే లేదు. ఎంత పెట్టినా ఆకలంటోంది..."

ఈ డిష్ నా బిడ్డ రక్తాన్నే లాగుతోందనిపించింది. ఆ డిష్‌ని చంపేద్దామని బ్లీచింగ్ నీళ్ళు ఒక్క చుక్క వేశాను. ఫోన్‌లో నా బిడ్డ కెవ్వుమంది.

గబగబా ఆ నీళ్ళు కడిగేసి, మందు పోశాను.

"అమ్మయ్య... బుగ్గలు ఎర్రబడ్డాయి," అంది జోయన్.

అప్పటినుంచి వారం రోజులుగా పూటపూటా పోస్తున్నాను. ఆపితే పిల్ల వాడిపోతుంది. ఏం చెయ్యను? ఇవాళ మంచు తుఫానుకి రోడ్లన్నీ మూసేశారు. కొత్త సీసా గురువారం దాకా రాదు. ఉన్న ఆఖరి చుక్కలు బ్రిన్ డిష్‌లో ఒంపేసి, మార్గోకి అంతా చెప్పేశాను.

ఆమె నవ్వలేదు. పెట్టెలోకి తొంగి చూసింది.

"సరే, లోర్న్... మరి ఈ మూడోది ఎవరిది?" అంది గుసగుసగా.

నేను పెట్టింది రెండే.

మూత మీద నంబరు లేదు. నా పేరుంది. రాత నాదే. నా కణాలు నేనెప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు. లోపల నాళాలు మూతదాకా పాకి కొట్టుకుంటున్నాయి. మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నాను... అదే లెక్క.

ముందే చూసినా ఆ చుక్కలు నా బిడ్డకే పోసేవాణ్ణి. అది మాత్రం నిజం.

ఇవాళ ఇంకా సోమవారమే. నా గోళ్ళు తెల్లబడుతున్నాయి.