అలోండ్ర థియేటర్ పైగది ఈల

రెండువేల పదహారు, నవంబరు పద్దెనిమిది, శుక్రవారం. రాత్రి పదకొండూ ఇరవై. మయాగ్వెస్ ఊళ్ళో, మా బేకరీకి ఎదురుగా ఉన్న అలోండ్ర థియేటర్ పైగదిలోంచి ఈల వినబడింది...

ఆ గదికి మొదటినుంచీ చెడ్డపేరే. ఆపరేటర్ ఎలాడియో ప్రొజెక్టర్ పక్కనే కుప్పకూలి చనిపోయాడు. ఆ ఏడే థియేటర్ మూతపడింది. అప్పట్నుంచీ చీకటి పడితే ఆ వైపు ఎవరూ నడిచేవారు కాదు. పైనుంచి ఎవరో పిలుస్తారట... పలికితే ఇక అంతేనట.

ఇరవై రెండేళ్ళకి మా వీధి మళ్ళీ లేచింది. ఒకరు పుస్తకాల కొట్టు తెరిచారు, ఒకరు మట్టిపాత్రలకి రంగులు వేసి అమ్మారు, మేము బేకరీ పెట్టాం. కొట్లవాళ్ళందరం సంఘంగా చేరి అలోండ్రని బాగుచేయించసాగాం — నాటకాలకి, పాటకచేరీలకి.

అడ్డల్లా పాత టికెట్ కిటికీ. ఎలాడియో భార్య ఓబ్దూలియా అక్కడ కొబ్బరి మిఠాయి అమ్ముకుంటూ, వెనక గదిలో పడుకునేది. తనంతట తాను వదిలేదాకా ఆమెని కదపకూడదని పాత యజమాని కాగితం రాసిచ్చాడు. ఆమె వెళ్తే, రొట్టెలు అమ్ముకోవడానికి ఆ చోటు మాకే అని సంఘం మాటిచ్చింది.

ఖాళీ చేస్తావా అని అమ్మ మెల్లగా అడిగి చూసింది.

"నేను పోయాక చూద్దువుగానిలే," అని నవ్వింది ముసలావిడ. "ఈలోగా నీ కొడుక్కి రొట్టె కాల్చడం నేర్పు తల్లీ. నిన్నటిది కొరికితే పన్ను కదిలింది."

మా తమ్ముడు ఎఫ్రేన్ మొహం మాడిపోయింది.

ఆ శుక్రవారం సాయంత్రం వడ్రంగులు, బాల్కనీ నుంచి పైగదికి వెళ్ళే చెక్కదారి పలకలన్నీ ఊడదీశారు. కింద రాతినేల. ఓబ్దూలియా అప్పుడు చర్చిలో జపమాల చెప్పుకుంటోంది — ఆమెకి తెలీదు. మాకు తెలుసు.

పదకొండూ ఇరవైకి ఈల. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

కిటికీ వెనక అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. భయపడి వీధిలోకి పరిగెత్తాలి కదా... ఓబ్దూలియా పరిగెత్తలేదు.

"వస్తున్నానయ్యా. ఇరవై రెండేళ్ళు ఆగావు, కాఫీ వడకట్టేదాకా ఆగలేవూ?"

గ్లాసు పట్టుకుని బయల్దేరింది. దీపం తీసుకోలేదు — ముప్ఫై ఏళ్ళు నడిచిన దారి. మెట్టు మెట్టుకీ ఆగి, ఊపిరి తీసుకుంటూ...

"నీకేం, గాల్లో తేలతావు. మోకాళ్ళు నావి."

పైనుంచి చప్పుడు లేదు.

"అలిగావా...?"

బాల్కనీ దాటింది. చెప్పులు ఒక అడుగు... ఇంకో అడుగు...

ముందు గ్లాసు పగిలింది.

ఆ గదిలో ఉన్నది దెయ్యం కాదు. డాబా మీదినుంచి దూరిన ఎఫ్రేన్. భయపెట్టి వెళ్ళగొడదామన్నదే ఎత్తు. పలకలు లేవని వాడికి గుర్తొచ్చేసరికి ఆమె ఇంకా బాల్కనీలోనే ఉంది. 'ఆగు' అంటే చాలు. ఒక్క మాట.

"గొంతు గుర్తుపట్టేస్తుంది కదక్కా," అన్నాడు మా వంటింట్లో. "తెల్లారితే ఊరంతా నవ్వేది."

రీలు అయిపోగానే ఎలాడియో ఈల వేసేవాడు, ఆమె కాఫీ పట్టుకుని పైకి వెళ్ళేది — చిన్నప్పుడు నేను చూశాను. ఆ ఈల ఎలా వెయ్యాలో ఎఫ్రేన్‌కి నేర్పింది నేనే.

"దేవుడు క్షమిస్తాడు," అంది అమ్మ. "పడుకోండి."

తెల్లవారుజామున వడ్రంగులు చూశారు. మొగుడే పిలుచుకుపోయాడని వీధంతా అంది. మేము కాదనలేదు.

ఆరింటి పూజకి చర్చికి వెళ్ళాం. ఆమె ఆత్మకోసం ముగ్గురం కొవ్వొత్తులు వెలిగించాం. తిరిగొచ్చి అమ్మ కొలతల టేపు తీసింది. టికెట్ కిటికీ దగ్గర టేపు ఒక చివర ఎఫ్రేన్ పట్టుకున్నాడు.

రెండో చివర నేను పట్టుకున్నాను.