పదకొండో మనిషి

ఆ రోజు కూడా త్లొక్వెంగ్ ఊళ్ళోని ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచింది కెబాడిరేనే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. వాకిలి ఊడ్చింది, కోళ్ళకి గింజలు చల్లింది, పుల్లటి జొన్న జావ కాచింది. టీ పోస్తుంటే కూతురు గొరాటా కసిరింది.

"అమ్మా! మళ్ళీ కప్పులో వేలు! పైవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"కడుక్కున్న వేలేలే. తాగు, చల్లారిపోతుంది."

తగువు పెట్టుకునే తీరిక గొరాటాకి లేదు. సాయంత్రం అయిదింటికి ఓ అర్జీకి గడువు. ఆవిడ పనేమిటంటే, కొత్త కొత్త యంత్రాలు కనిపెట్టే పిల్లలు సర్కారువారి పరిశోధన నిధికి అర్జీ పెట్టుకుంటారు కదా, వాళ్ళ పక్కన కూర్చుని ఆ అర్జీ గెలిచేట్టు రాయించడం. ఈ పిల్లలకి తీగలూ లెక్కలూ బాగా వచ్చు గానీ "ఇది ఎవరికి కావాలి?" అంటే నోరు పెగలదు. అందుకే గొరాటా ఓ నియమం పెట్టింది. ముప్ఫైమందిని కలవాలి, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాయాలి, పేర్లు మాత్రం రాయకూడదు. భర్త పోయిన దగ్గర్నుంచీ నాలుగేళ్ళుగా ఈ పనిమీదే ఇల్లు నడుస్తోంది. వంటా, ఎనిమిదేళ్ళ కూతురు వామే ఆలనా అన్నీ అమ్మ చేతిమీదే.

ఎప్పుడూ ఆఫీసులోనే కలిసే బొనొలో, గడువని మొదటిసారి ఇంటికే, ఎనిమిదింటికల్లా వచ్చేసింది. ఇరవై నాలుగేళ్ళ ఇంజినీరు పిల్ల. చూపు మందగించినవాళ్ళ కోసం, మందు డబ్బా ముందు ఫోను పెడితే అందులో ఏముందో సెత్స్వానా భాషలో చదివి చెప్పే పరికరం చేసింది.

"గొరాటక్కా, ముప్ఫైమందీ పూర్తయ్యారు. కానీ నువ్వు ముందు పదకొండో మనిషిని చదువు. నేను రాస్తూ రాస్తూ ఏడ్చాను."

"నీకు సినిమా చూసినా ఏడుపే," అని నవ్వుతూ కాగితం అందుకుంది గొరాటా.

*"ముప్ఫై ఏళ్ళు పెళ్ళికూతుళ్ళకి నీలం లెతెయిసి అద్దకం గుడ్డతో గౌనులు కుట్టాను. విసుగేసి మానేశానని మా అమ్మాయితో చెప్పాను. నిజానికి దారం కనబడటం లేదు. ఎడమ కన్ను మొత్తం పోయింది. కుడి కంటికి ఎదురుగా ఉన్నదే కాస్త ఆనుతుంది. టీ పోసేటప్పుడు ఎంత నిండిందో తెలియడానికి కప్పు అంచున వేలు పెడతాను. మురికి అని మా అమ్మాయి కసురుతుంది. పోనీలే, మురికి అనుకోవడమే మంచిది."*

గొరాటా నవ్వు అలాగే మొహం మీద ఎండిపోయింది. మళ్ళీ చదివింది. ఆ తర్వాత అక్షరాలు ఆనలేదు.

"ఈవిణ్ణి... ఎక్కడ కలిశావే?"

"పోస్టాఫీసులో. పెన్షను వరసలో నిలబడ్డారు. ఏమక్కా, అలా అయిపోయావేం?"

అప్పుడే కెబాడిరే పళ్ళెంలో రొట్టెలు పట్టుకుని వచ్చింది. బొనొలో దిగ్గున లేచింది. "మామ్మగారూ! మీరా?"

ముసలావిడ ఆగిపోయింది. మొహం కాస్త పక్కకి తిప్పి, ఆ గొంతు వచ్చినవైపు చెవి పెట్టింది. "ఎవరూ... పోస్టాఫీసు పిల్లవా?" పళ్ళెం ఒరిగి, ఓ రొట్టె కిందపడింది. ఎటు పడిందో ఆవిడకి తెలియలేదు. కాలితో తడుముకుంటోంది.

నాలుగేళ్ళు ఒకే కప్పు కింద ఉండి గొరాటా ఆ కాలి తడుములాట చూడటం అదే మొదలు.

"అమ్మా, నీకు కళ్ళు కనబడవా?" అరిచినట్టే అంది.

"నాకు తెలుసుగా," అంది గుమ్మంలోంచి వామే. "సూదిలో దారం నేనే ఎక్కిస్తా. ఉత్తరాలూ నేనే చదువుతా. నీకు తెలీదా అమ్మా?"

ఇంకేముంది, ఎవరో చెంప మీద కొట్టినట్టయింది గొరాటాకి.

"దారిన పోయే పిల్లకి చెప్తావు, పసిదానికి చెప్తావు, నాకు చెప్పవా? నేనేమన్నా పరాయిదాన్నా?"

"చెబితే ఏం చేసేదానివి? పని మానేసి నా పక్కన కూర్చునేదానివి. ఇల్లెలా గడుస్తుంది? ఇలాంటి పిల్లలు నిన్ను నమ్ముకుని ఎంతమంది ఉన్నారు? ఇంటి సంగతి నేను చూసుకుంటానని నీకు మాటిచ్చాను కదే."

"అలాగని గుడ్డిదానివైపోతావా!"

గొరాటా గబగబా కాగితం మడిచింది. "బొనొలో, ఇది తీసెయ్. పేరు లేకపోయినా ఊళ్ళో ప్రతివాడూ పోల్చేస్తాడు. తల్లి కళ్ళు పోతుంటే చూడని కూతుర్ని నేనేనని..."

"అక్కా, మిగతా వాళ్ళంతా 'బాగుందమ్మా, పనికొస్తుంది' అని ఊరుకున్నారు. అర్జీకి ఇదొక్కటే ప్రాణం," అని బొనొలో నసిగింది. "అయినా నువ్వు తీసెయ్యమంటే తీసేస్తాను."

"తియ్యొద్దు," అంది కెబాడిరే. "నా కళ్ళు ఉంచుకో తల్లీ. కుట్టుపని మాత్రం చెరిపెయ్. ఆఖర్న కుట్టిన గౌన్లు వంకర్లు పోయాయని ఆ పెళ్ళికూతుళ్ళకి తెలిసిపోతుంది."

అంత గొడవలోనూ బొనొలో ఫక్కున నవ్వింది. గొరాటా మాత్రం లేచి కారు తాళాలు తీసుకుంది.

"మిగతాది నువ్వే చూసుకుని పంపు. అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను."

"నేనా? అక్కా, నువ్వు చూడకుండా ఒక్క అర్జీ కూడా వెళ్ళలేదుగా!"

"ఇది వెళ్తుంది."

డాక్టరు చాలాసేపు పరీక్ష చేసింది. నీటికాసులు, అదే గ్లాకోమా అంది. పోయిన చూపు ఇక రాదు. మిగిలింది చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. ఇంకో ఆర్నెల్లు ఇలాగే దాచి ఉంటే ఆ మిగిలిందీ దక్కేది కాదు. గొరాటా బయటికి వచ్చి బల్ల మీద కూలబడింది. అమ్మ పక్కనే కూర్చుంది.

"ఊరుకోవే. ఇంకా కాస్త ఉందిగా."

"అమ్మా, ఆ పిల్ల నిన్ను ఏమడిగింది? నాకు చెప్పనిది దానికెలా చెప్పావు?"

"పెద్దగా ఏం లేదు. పొద్దున్న లేవగానే ఏం చేస్తారు మామ్మగారూ అంది. అని, నోరు మూసుకుని కూర్చుంది. గంటసేపు."

అర్జీల పిల్లలందరికీ ఆ ప్రశ్న నేర్పింది తనే. గొరాటా కళ్ళు తుడుచుకుంది.

"పొద్దున్న లేవగానే ఏం చేస్తావమ్మా?"

"ముందు నీ అడుగుల చప్పుడు వింటాను. వడివడిగా ఉంటే, ఈ రోజు దీనికి పనెక్కువ, ఇవాళ చెప్పకూడదు అనుకుంటాను."

"రోజూ వడివడిగానే ఉన్నాయా?"

"రోజూనే."

గొరాటా ఏదో అనబోయింది. అనకుండా అమ్మ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, నోరు మూసుకుని కూర్చుంది.

"ఆ తర్వాత," అంటూ మొదలుపెట్టింది కెబాడిరే, "వాకిట్లోకి వెళ్తాను..."