తొమ్మిది గిన్నెల నక్షత్రాలు

“నేను ఆ కణాలను పాడుచెయ్యలేదండీ, ఒట్టు!” కుర్చీలో కూర్చోకముందే బావురుమంది పరిశోధక విద్యార్థిని. “సాయంత్రంలోగా తప్పు ఒప్పుకోకపోతే ల్యాబ్ నుంచి పంపించేస్తానన్నారు పెద్దసారు. నాలుగేళ్ల కష్టం నీళ్లపాలవుతుంది.”

డిటెక్టివ్ మంచినీళ్ల గ్లాసు ఆమె చేతికిచ్చింది. పక్కనే నోటుబుక్కు తెరిచాడు అక్క కొడుకు. పిన్ని దగ్గర అసిస్టెంటుగా చేరి ఆరేళ్లయినా, ఆమె పనితనం చూడడమంటే అతనికి ఇప్పటికీ ముచ్చటే.

మెదడులో నరాలకు తొడుగు చుట్టే కణాలుంటాయట. పసికణం ఒకటే, అందిన సంకేత అణువును బట్టి తొడుగు చుట్టేదో, నక్షత్రాకారపుదో అవుతుందని ఆమె సిద్ధాంతం. విద్యార్థిని తొమ్మిది గాజు గిన్నెల్లో పసికణాలు పెట్టి, తొడుగు సంకేతం వేసి, ఐదు రోజులు ఊరెళ్లింది. తిరిగొచ్చి చూస్తే అన్నింట్లోనూ నక్షత్రాలే! ఆమె పాత ఫలితాలు కూడా కల్పితాలేనని పెద్దసారు తేల్చేశారు.

ముగ్గురూ ల్యాబ్‌కు వెళ్లేసరికి ఆయన ఇంకా మండిపడుతూనే ఉన్నారు. “కణాలంటే నాకు కన్నబిడ్డలు. ముప్పై ఏళ్లలో ఒక్కదాన్నీ పస్తుంచలేదు. వాటితో అబద్ధాలాడిస్తే ఊరుకుంటానా?”

“పిన్నీ, తాళాలు ఆ అటెండరు దగ్గరే ఉంటాయి,” తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని చూపిస్తూ గొణిగాడు అసిస్టెంటు.

“తాళం ఉంటే చాలదురా, మనసు కూడా ఉండాలి.” ఆమె విద్యార్థిని వైపు తిరిగింది. “గిన్నెకు ఎంత ద్రవం పోశావు?”

“రెండు మిల్లీలీటర్లు.”

కొలిపించింది. రెండున్నర! తర్వాత ఫ్రిజ్‌లో సగం ఖాళీ అయిన సీసా చూపించింది. “ఇదేమిటి?”

“సీరమండీ, కణాలకు మేత. ఈ అమ్మాయి మాత్రం వాడదు,” అన్నాడు అటెండరు.

డిటెక్టివ్ అందర్నీ కూర్చోబెట్టింది. “కణాలు పెంచే వెచ్చటి పెట్టెలో ద్రవం ఆవిరై తగ్గాలి గానీ పెరగదు. ఎవరో పోశారు. పగబట్టినవాళ్లయితే చంపేవాళ్లు. ఇవి నిక్షేపంగా ఉన్నాయి. అంటే ప్రేమతో పోశారు. సీరంలోనూ సంకేతాలుంటాయి, అవే వీటిని నక్షత్రాల దారి పట్టించాయి. పిల్ల ఊళ్లో లేదు, పాపం వీటికి మేత లేదనుకున్నది ఎవరు సార్?”

పెద్దసారు ముఖం పాలిపోయింది. “నేనే... ఆమె వెళ్లిన రోజే. ఎవరు సెలవు పెట్టినా వాళ్ల కణాలకు నేనే పోస్తాను. చేతికి అలవాటైపోయి, పోసిన సంగతే గుర్తులేదు.” ఆమెను తొలగిస్తూ రాసి బల్ల మీద ఉంచిన ఉత్తరాన్ని చించేశారు. “నిన్ను అబద్ధాలకోరన్నాను. క్షమించు తల్లీ.”

అసిస్టెంటుకు చప్పట్లు కొట్టాలనిపించింది.

విద్యార్థిని కళ్లు తుడుచుకుని సూక్ష్మదర్శినిలోకి వంగింది. చాలాసేపటికి తలెత్తింది.

“సార్, నా సిద్ధాంతం తప్పు కాలేదు. ఇవి చెప్పిన మాట విన్నాయి. చెప్పింది మీరు, అంతే!”