జానెడు తక్కువ గొలుసు

నేను చెప్పే కథల్లో ఉప్పూకారం ఒక పిడికెడు ఎక్కువ పడుతుందని నా మీద ఒక అపవాదు ఉంది. పడనీండి. ఈ కథ మాత్రం ఒట్టు, జరిగింది జరిగినట్టే. ఇందులో నేను నా జేబులోంచి తీసి చేర్చింది గోరంత కూడా లేదు. అనుమానముంటే టేపు తెచ్చుకుని కొలుచుకోండి.

ఆ పొద్దున ఆ ఇంట్లో అన్నీ మామూలుగానే ఉన్నాయి. పొయ్యి మీద టీ మరుగుతోంది. హాల్లో రిటైరైన సర్వేయరు బల్ల మీద కాగితాలు పరిచి, స్కేలు పెట్టి గీతలు కొడుతున్నాడు. ఆయన అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. అందరూ "వెంట్రుకవాసి గారు" అంటారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ "నా కొలతలో వెంట్రుకవాసి తేడా చూపించండి, మీసం తీసేస్తా" అని సవాలు చేశాడు మరి. మీసం ఇప్పటికీ ఉంది. తెల్లబడి, పాత బ్రష్షులా గరుగ్గా ఉంది, కానీ ఉంది.

వంటింట్లో ఆయన భార్య గిన్నె తోముతోంది. అదే గిన్నె, మూడోసారి. మూడు రోజుల నుంచి ఆవిడ చేతులు ఒక పని చేస్తుంటే మనసు ఇంకో చోట ఉంటోంది. ఆ చోటు ఏదో ఆవిడకొక్కదానికే తెలుసు.

వాకిట్లో స్కూటరు ఆగింది. కూతురు లోపలికి వచ్చింది. కుట్టుమిషన్లు బాగుచేసే పని కనక బొటనవేలికి ఎప్పుడూ నూనె మరక ఉంటుంది. ఆ మరకే చేతిలో ఉత్తరం మీద కూడా ఉంది.

"అమ్మా, రేపు పదింటికి ఆఫీసరమ్మ స్థలం దగ్గరికి వస్తుందట. అదే ఆఖరిసారి. తేలకపోతే ఫైలు మూసేస్తారట."

"మూస్తే?"

"మూస్తే అది ఇంటిస్థలం కాదు. గడ్డి పెంచుకోవచ్చు. నా షాపున్న బిల్డింగు నెలాఖరుకి కూలగొడుతున్నారు. పదహారు మిషన్లు పెట్టుకుని ఆ గడ్డిలో కూర్చుంటాను."

అసలు సంగతి ఇదీ. నలభై రెండేళ్ల కిందట ఊరి చివర ఒకాయన తన పొలాన్ని ముక్కలు చేసి అమ్మాడు. ముక్కలన్నీ కొలిచి రాళ్లు పాతింది మన వెంట్రుకవాసి గారే. ఒకటి తను కొనుక్కున్నాడు, పక్కది తన స్నేహితుడు బస్సు డ్రైవరు చేత కొనిపించాడు. మూడు నెలలు తిరక్కుండా కొత్త రూలు వచ్చింది. అంత చిన్న ముక్కల్లో ఇకమీదట ఇల్లు కట్టకూడదు. రూలుకి ముందే విడి పత్రం ఉండి, ఆ తర్వాత ఎవరూ కోయకుండా, కలపకుండా, పుట్టినప్పుడెలా ఉందో అలాగే ఉన్న ముక్కకు మాత్రం మినహాయింపు.

పత్రం ఉంది. తేదీ సరిగ్గా ఉంది. చిక్కల్లా కొలతలో వచ్చింది. పత్రంలో పొడవు రెండొందల లింకులు, వెడల్పు వంద. లింకంటే పాతకాలపు సర్వే గొలుసులో ఒక ఇనపకడ్డీ, దాదాపు జానెడు. అలాంటివి వంద కలిస్తే ఒక గొలుసు. మూడు రోజుల కిందట ఆఫీసువాళ్లు మిషను పెట్టి చూస్తే పొడవు నూట తొంభై ఎనిమిది, వెడల్పు తొంభై తొమ్మిది. తగ్గిందంటే ఎవరో కోశారన్నమాట, కోశారంటే ఇది పాత ముక్క కాదన్నమాట. అదీ ఆఫీసు వాదన.

"కోసింది వాడే," అన్నాడు సర్వేయరు గీత కొడుతూనే. "గోడ కట్టినప్పుడు రాయి జరిపాడు. అదే రాస్తున్నాను. ఇవాళే ఇచ్చి వస్తా కంప్లయింటు."

"డ్రైవరు మామయ్యా? నాకు సైకిలు నేర్పింది ఆయన, నాన్నా!"

"సైకిలు నేర్పితే రాయి జరపకూడదని ఉందా?"

"సరే, వెడల్పు ఆయన జరిపాడు. మరి పొడవు? ముందు రోడ్డు, వెనక కాలవ. కాలవని కూడా ఆయనే పక్కకి నెట్టాడా?"

స్కేలు ఆగింది. "అంటే?"

కూతురు ఒక్కక్షణం తటపటాయించింది. "నీ కొలతే తప్పయి ఉండొచ్చు కదా."

సర్వేయరు లేచి నిలబడ్డాడు. మీసం వణికింది.

"నా కొలతా? ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. రోజూ పొద్దున్నే గొలుసు సరిచూసుకోకుండా గడప దాటలేదు. గుమ్మం దగ్గర ఒక మేకు, వీధి చివర ఒక మేకు. ఈ కొస నేను, ఆ కొస మీ అమ్మ. ఏమోయ్! ఇలా రా! చెప్పు నీ కూతురికి. గొలుసు సరిపోయేదా, లేదా?"

ఆవిడ తడిచేతులతో గుమ్మంలో నిలబడింది. "సరిపోయేది," అంది.

"విన్నావుగా," అన్నాడాయన.

కూతురు తల్లి వంక చూడలేదు. "విన్నాను. ఇద్దరూ ఇద్దరే. మీ మీసం నిలబడాలంటే డ్రైవరు మామయ్య దొంగ కావాలి, నేను రోడ్డు మీద పడాలి. కానివ్వండి." స్కూటరు తాళాలు తీసుకుంది.

సర్వేయరు కంప్లయింటు మడిచి జేబులో పెట్టుకుని చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. ఆవిడ చూస్తూ ఉంది. నలభై రెండేళ్ల కిందట నోట్లోంచి వచ్చిన మాట, ఇవాళ మళ్లీ అదే మాట. అప్పుడు దానివల్ల చెడింది కొలత. ఇప్పుడు చెడబోయేది మనుషులు.

"ఏవండీ, ఆగండి. నువ్వూ ఆగవే. ఇద్దరూ లోపలి గదిలోకి రండి."

"ఇప్పుడేం గది?"

"రమ్మంటున్నాను కదా!" ఆవిడ గొంతు అంత పైకి లేవగా ఆ ఇంటి గోడలు కూడా ఎప్పుడూ విని ఉండవు. ఇద్దరూ వచ్చారు. ఆవిడ మంచం పక్కన నిలబడి, "పైకి చూడండి," అంది.

పైన దూలానికి ఒక కొక్కెం. కొక్కేనికి జానెడు ఇనపకడ్డీ, రెండు చివరలా చిన్న రింగులు. దానికి పాత దుప్పట్ల సంచీ వేలాడుతోంది. ఊళ్లో అందరి గోడల వంకర్లూ పట్టుకున్న ఆ మనిషి నలభై రెండేళ్లుగా దాని కిందే పడుకుని గురకపెట్టాడు.

"అది..." అన్నాడు సర్వేయరు.

"మీ గొలుసులోదే." ఆవిడ మంచం కోడు పట్టుకుంది. "ఇది పుట్టిన నెలకి ఉయ్యాల కొక్కెం విరిగింది. చంటిది ఒకటే ఏడుపు. మీరు ఆఫీసులో ఉన్నారు. మీ గొలుసులో ఒక లింకు రింగు విచ్చుకుని ఉంది. అది తీసి ఉయ్యాల కట్టి, మిగతా గొలుసు మళ్లీ కలిపేశాను. మీరు రాగానే చెబుదామనే అనుకున్నాను. మీరేమో మెప్పు ఉత్తరం పట్టుకుని వచ్చారు. జిల్లాలో అందరికన్నా నికార్సయిన కొలత మీదేనని. వీధి వీధంతా చదివి వినిపించారు. ఇంక నాకు నోరు రాలేదు."

"మరి పొద్దున్నే... మేకు దగ్గర?"

"ఆ కొస నా చేతిలో ఉండేది కదా. మేకుకి జానెడు ఇవతలే పట్టుకుని, సరిపోయిందండీ అని అరిచేదాన్ని. ఎనిమిది నెలలు. ఆ తర్వాత ఆఫీసువాళ్లు గొలుసు వెనక్కి తీసుకుని టేపు ఇచ్చారు. ఆ రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను."

సర్వేయరు స్టూలు లాగి ఎక్కి, సంచీ దించి, లింకు ఊడదీశాడు. కిందికి దిగి దానికి స్కేలు ఆనించాడు. కోపంలో కూడా కొలవడం మానలేదు మహానుభావుడు. పెదాలు కదిలాయి. "వందకి ఒకటి... రెండొందలకి రెండు..." అప్పుడు భార్య వంక చూశాడు. "పదేసి లింకులకి ఒకటి చొప్పున వేలాడే ఇత్తడి బిళ్లలు లెక్కపెట్టుకున్నాను. బిళ్లకీ బిళ్లకీ మధ్య లింకులు లెక్కపెట్టలేదు. నువ్వు ఆ చివర ఉన్నావు కదాని లెక్కపెట్టలేదు."

తిట్టి ఉంటే ఆవిడకి హాయిగా ఉండేది. ఆయన తిట్టలేదు. వెళ్లి వీధిమెట్ల మీద అటు తిరిగి కూర్చున్నాడు. మధ్యాహ్నం కంచం వడ్డిస్తే రాలేదు, సాయంత్రం టీ ఇస్తే తాగలేదు. కూతురు పక్కన కూర్చుని "నాన్నా" అంది. "ఊ" అన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి మంచం ఖాళీ. జేబులో కంప్లయింటు కాగితంతో సహా మనిషి లేడు. తల్లి కూతురి స్కూటరు వెనక కూర్చుని స్థలం దగ్గరికి వచ్చేసరికి, ఆయన డ్రైవరు గేటు ముందు నిలబడి ఉన్నాడు. గేటు లోపల డ్రైవరు, పళ్లు తోముకుంటూ.

"బావా, గేటు తియ్యి."

"దొంగల ఇంటికి పొద్దున్నే చుట్టాలొస్తారా?" డ్రైవరు ఉమ్మి, నోరు తుడుచుకున్నాడు. "ఊరంతా చెప్పావుటగా, రాయి జరిపానని."

"చెప్పాను. జరిపింది నువ్వు కాదు. నా గొలుసు. ఒక లింకు తక్కువ."

డ్రైవరు బ్రష్షు నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. "నీ గొలుసు? వెంట్రుకవాసి గారి గొలుసు?"

"ఇంకోసారి చెప్పించకు బావా. ఒక్కసారికే ప్రాణం పోయింది." జేబులో కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. "ఇది నీ మీద రాసింది. నీ స్థలం పత్రం ఇవ్వు. అదే వారం, అదే గొలుసుతో కొలిచాను."

డ్రైవరు గేటు తీశాడు. "అంటే నా స్థలంలో కూడా కోత పెట్టావన్నమాట! నలభై ఏళ్లుగా నా టమాటా మొక్కలు ఇరుగ్గా ఎందుకున్నాయో ఇప్పుడర్థమైంది."

పదింటికి ఆఫీసరమ్మ వచ్చింది. చిన్నవయసు, మాట తక్కువ. అంతా విని లింకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "తాతగారూ, గొలుసు లేదు. ఒక్క ఇనపముక్క చూపించి నమ్మమంటే ఎలా?"

"నమ్మొద్దమ్మా. కొలవండి. ఇదిగో పక్కస్థలం పత్రం. వెడల్పు నూట యాభై అని ఉంది. మీ మిషను నూట నలభై ఎనిమిదిన్నర అంటుంది. మా ముక్క ఆయన కోసుకుని ఉంటే ఆయనది పెరగాలి కదా. మీ మిషను ఇంకేదన్నా అంటే నా ఫైలు మీరే చింపేయండి."

మిషను మూడుకాళ్ల మీద నిలబడింది. ఎర్రచుక్క వెళ్లి అవతలి రాయి మీద వాలింది. తల్లి కళ్లు మూసుకుంది. ఆఫీసరమ్మ మీటర్లని లింకుల్లోకి మార్చుకుని, ఇంకోసారి మార్చుకుని, తలెత్తింది.

"నూట నలభై ఎనిమిదిన్నర."

"రెండు స్థలాలూ ఒకే పాళ్లలో తగ్గాయి. రాళ్లు కదల్లేదు," అందామె. "కానీ తాతగారూ, మీ కొలత ఎందుకు తప్పిందో మీ చేత్తో రాసి సంతకం పెట్టాలి. అది రికార్డులో ఉండిపోతుంది."

సర్వేయరు కలం తీసుకున్నాడు. కాగితం మీద పెట్టి ఆగాడు. భార్య చీర కొంగు పిడికిట్లో నలిపేస్తోంది. ఇప్పుడు రాస్తాడు. నా భార్య చేసిన పనివల్ల అని. రాయనీ, నిజమే కదా అనుకుంది. ఆయన రాశాడు. ఆఫీసరమ్మ పైకి చదివింది.

"ఆ ఏడాది ఎనిమిది నెలలు నేను కొలిచినవన్నీ వందకి ఒకటి ఎక్కువ చూపిస్తాయి. గొలుసు చూసుకోవాల్సిన బాధ్యత నాది. చూసుకోలేదు. అలాంటి స్థలాలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. వాటి వివరాలు రాసిస్తాను. వాళ్లెవరూ దీనికోసం కొట్టుకోకూడదు."

భార్య పేరు ఎక్కడా లేదు. ఆవిడ అక్కడే రాయి మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతురు నూనె వేలితోనే తల్లి కళ్లు తుడిచింది. ఆఫీసరమ్మ ఫైలు మీద ముద్ర వేసి, తల తిప్పుకుని కాలవ వంక చూసింది.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "అయితే బావా, మీసం?"

సర్వేయరు చెయ్యి మీసం మీదికి వెళ్లింది.

"ఉంచు నాన్నా," అంది కూతురు. "వందకి ఒక్క వెంట్రుక తీసెయ్. లెక్క సరిపోతుంది."

ఇంటికి నడిచేటప్పుడు ఆయన భార్య పక్కకి వచ్చాడు. నిన్నటినుంచి ఆవిడతో మాట్లాడటం అదే మొదలు. "ఏమోయ్, ఆ ఉయ్యాల మళ్లీ ఎప్పుడైనా ఊడిందా?"

"లేదండీ. దీనికి మూడేళ్లొచ్చేదాకా గట్టిగానే ఉంది."

"ఊఁ," అన్నాడు. నాలుగడుగులు వేశాక, "అయితే మంచి లింకే," అన్నాడు.

ఇల్లు లేచింది. కింద షాపు, పైన గది. మిషన్లు పదహారూ చేరాయి. డ్రైవరు టమాటాలు ఇప్పటికీ ఇరుగ్గానే కాస్తున్నాయి.

మొదట్లో ఒట్టు వేశాను కదూ, ఇందులో చేర్చింది గోరంత కూడా లేదని? ఒక్కటుంది. గోరంత కాదు, జానెడంత. ఆ లింకు దూలానికి వేలాడలేదు. ఉయ్యాల విప్పిన రోజే ఆవిడ దాన్ని గుండీల డబ్బాలో అడుక్కి తోసేసింది. ఆ రోజు తీసి ఆయన అరచేతిలో పెట్టింది, అంతే. స్టూలూ లేదు, దుప్పట్ల సంచీ లేదు. కానీ అంత నికార్సయిన మనిషిని నలభై రెండేళ్లు తన తప్పు కిందే పడుకోబెట్టే అవకాశం వస్తే, మీరైతే వదులుకుంటారా? ఆయన గొలుసులో ఒక లింకు తగ్గింది. నా కథలో ఒకటి పెరిగింది. రెండూ కలిపి కొలుచుకోండి, సరిపోతుంది.