ఊపిరి మరిచిన ఇంజనీరు

"మనిషి ముఖ్యం కాదు. మెమరీ కార్డు ముఖ్యం," అన్నాడు అంజన్.

బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణం పైగది అది. గూఢచారి విభాగం అధికారి అంజన్ గోడకు రెండు ఫొటోలు అంటించాడు. మొదటిది సాయికుమార్. కంచన్‌బాగ్‌లో ఒక రక్షణ ల్యాబ్ ఇంజనీరు. రెండేళ్ల కింద పురానాపూల్ దగ్గర బండి మీద నుంచి పడి నడుము విరిగింది. రెండోది అలీనా. అతనికి ఫిజియోథెరపీ చేసిన అందగత్తె. నొప్పికి మార్ఫిన్ గోలీలు అలవాటు చేసింది ఆమే. ఆ గోలీల కోసమే అతను ఇవాళ మిశ్రలోహం ఫార్ములా ఉన్న మెమరీ కార్డును ఒక విదేశీ ముఠాకు అప్పగించబోతున్నాడు.

అలీనా ఇప్పుడు డబుల్ ఏజెంట్ అనీ, కార్డును ముఠాకు కాక మనకే తెచ్చిస్తుందనీ అంజన్ వివరించాడు. ఆమె దారి తప్పకుండా చూడడం ఏజెంట్ స్రవంతి పని.

స్రవంతి కార్డు గురించి ఏమీ అడగలేదు. సాయికుమార్ కిడ్నీల రిపోర్టు అడిగింది. విభాగం డాక్టరు నందిని ఆమెను మెట్ల మీదికి తీసుకుపోయింది.

"గోలీ లివర్‌లకు పోయి ఇంకో పదార్థంగ మారుతది. మెటబొలైట్ అంటం. అది మార్ఫిన్ కంటే గట్టిది. కిడ్నీలు మంచిగుంటే బయటికి తోస్తయి. ఇతనివి సగం పోయినయి. ఇగ అది మెదడులనే తిష్ట వేస్తది. ఊపిరి తియ్యమని చెప్పే చోట కూసుని, ఆ మాట చెప్పనియ్యదు."

మెదడు మత్తుకు తొందరగా అలవాటు పడుతుందని, అందుకే డోసు పెంచుతూ పోతారని, ఊపిరిని నడిపే భాగం మాత్రం అంత తొందరగా అలవాటు పడదని కూడా చెప్పింది. మార్ఫిన్‌కు విరుగుడైన రెండు నాలోక్సోన్ స్ప్రేలు చేతిలో పెట్టింది.

"ముక్కుల కొడితే లేస్తడు. గంట సేపట్ల ఈ స్ప్రే మందు దిగిపోతది. లోపలున్నది దిగదు. లేచిండు గదా అని వదిలెయ్యకు."

పదకొండున్నరకు స్రవంతి వీధిలో బాబూమియా పక్కన కూర్చుంది. ఆయన ముప్పై ఏళ్లుగా అక్కడే గిన్నెల మీద పేర్లు కొడుతున్నాడు. ఆమెది పని నేర్చుకునే పిల్ల వేషం. కళ్లజోడులో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. ముఠా ప్లాన్ చిన్నది. సాయికుమార్ కొత్త టిఫిన్ డబ్బా అడుగున స్టిక్కర్ కింద కార్డు అంటించి తెస్తాడు. 'మహబూబున్నీసా' అని పేరు కొట్టమని ఇచ్చి వెళ్లిపోతాడు. తర్వాత అలీనా ఆ పేరు చెప్పి డబ్బా తీసుకుంటుంది. ఇద్దరూ ఎదురుపడరు.

పన్నెండింటికి సాయికుమార్ వచ్చాడు. నీడలో నిలబడ్డా కంటిపాపలు ఆవగింజలంతే ఉన్నాయి. చొక్కా గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నాడు. ఊరికే ముక్కు గోక్కుంటున్నాడు. డబ్బా ముందు పెట్టి పేరు చెప్పాడు.

బాబూమియా మూత చూసి ఆగాడు. దాని మీద అప్పటికే 'స్వీటీ' అని ఉంది. పక్కన చిన్న పువ్వు.

"ఇది బిడ్డ డబ్బా గదా భాయ్?"

కొత్తది కొనాలన్న సంగతే అతను మరిచిపోయాడు. వంటింట్లో చేతికి దొరికిన దానికే కార్డు అంటించాడు.

"పిల్ల పేరున్న డబ్బా మీద ఇంకో పేరు కొట్ట. మా అబ్బా గూడ కొట్టలే. వేరేది తెచ్చుకో."

మామూలు మనిషయితే ఏదో ఒక అబద్ధం ఆడేవాడు. సాయికుమార్ నిలబడే కళ్లు మూశాడు. వెనక బిందె పట్టుకున్న ఒకామె, పెండ్లికి పోవాలె జర జరుగు అని సణుగుతోంది.

అలీనా ఎదురు దుకాణంలోంచి బయటికి రాక తప్పలేదు. నల్లద్దాలు, నవ్వు.

"నా డబ్బానే చాచా. పేరేం వద్దు, గట్లనే ఇయ్యి."

డబ్బా స్రవంతి చేతిలో ఉంది. ఆమె అలీనా భుజం మీదుగా వీధిలోకి చూసింది. సందు చివర తెల్ల కారు. వెనక తలుపు సగం తెరిచి, లోపల ఒక విదేశీయుడు అలీనానే చూస్తున్నాడు. కార్డు పైగదికి, అంజన్ దగ్గరికి పోవడం లేదు, ఆ కారులోకి పోతోంది.

"ఒక్క నిమిషం అక్కా, అడుగున గీత పడ్డది, సాఫ్ చేసి ఇస్త."

అలీనా చెయ్యి డబ్బాను అందుకునేలోపు స్రవంతి పేర్లు కొట్టే మెషిన్ ఆన్ చేసింది. సూది అడుగున ఉన్న స్టిక్కర్‌లోంచి కార్డులోకి దిగింది. చిప్పు పొడిపొడిగా రాలింది.

అలీనా అరవలేదు. వంగి, స్రవంతి చెవిలో చెప్పింది.

"నీకు మెడల్ ఇస్తరు. ఆర్నెల్ల సంది వీనికి గోలీలు పంపుతున్నది ఎవరో గూడ అడుగు. మీ అంజన్ సారే. గోలీలు ఆగితే వీడు నా దగ్గరికి రాడు, నేను మీ దగ్గరికి రాను."

అప్పుడే సాయికుమార్ గిన్నెల దొంతర మీదుగా కిందికి జారాడు. పెదవులు నీలంగా మారాయి. ఇయర్‌పీస్‌లో అంజన్, కారు వైపు పోతున్న అలీనా వెంట పొమ్మంటున్నాడు. స్రవంతి ఇయర్‌పీస్ తీసేసి మోకాళ్ల మీద కూర్చుంది. ముక్కులో స్ప్రే కొట్టింది. రెండు నిమిషాలకు అతను ఎగశ్వాసతో లేచాడు. ఆగి ఉన్న నొప్పి అంతా ఒక్కసారే తిరిగొచ్చింది.

"ఎవరు లేపమన్నరు నిన్ను?" అని ఏడ్చాడు.

తెల్ల కారును సందు దాటకముందే పట్టుకున్నారు. విదేశీయుడికి బేడీలు పడ్డాయి. అలీనాను మాత్రం అంజన్ తన బండిలో ఏసీ వేసి కూర్చోబెట్టాడు. ఇంకో కేసుకు ఆమె అవసరం ఉందట. తర్వాత వచ్చి చిప్పు ముక్కలు కవర్లో వేసుకున్నాడు.

"లేచిండు గదా. సాయంత్రం పోలీసులొచ్చి తీసుకపోతరు. నువ్వు నడువు."

స్రవంతి నడవలేదు. బాబూమియా అట్టముక్కతో విసురుతుంటే ఊపిరులు లెక్కపెట్టింది. నిమిషానికి పద్నాలుగు. అరగంటకు పది. ఆటో ఎక్కించారు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఐదు. రెండో స్ప్రే కొట్టింది. ఊపిరి తియ్యి భాయ్ అని బాబూమియా అతని చెవిలో చెబుతూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో సెలైన్‌తో పాటు నాలోక్సోన్ కూడా చుక్కచుక్కగా ఎక్కించారు. సాయంత్రానికి సాయికుమార్ కాస్త తెలివిలోకి వచ్చాడు. కూతురు స్వీటీ గురించి అడుగుతాడనుకుంది స్రవంతి. గోలీ అడిగాడు.

అంజన్ ఫోన్ చేశాడు. రిపోర్టులో ఆపరేషన్ పన్నెండూ నలభైకే ముగిసిందట. అప్పటి నుంచి ఆమె ఏ డ్యూటీ చేసినట్టు రాయాలో తెలియడం లేదట.

"ఇతని మెదడు చెయ్యాల్సిన డ్యూటీ చేసిన సార్," అంది స్రవంతి. "మీ గోలీలు దానికి సెలవిచ్చినయి."