అక్షరం లేని అర

నందిగామ బస్టాండుకి కాస్త ఎడంగా, ఒక కాంప్లెక్సు సెల్లారులో ఉంటుంది భవానీప్రసాద్ కంప్యూటర్ల షాపు. పట్టపగలు కూడా లైటు వెయ్యాల్సిందే. వానలు మొదలైతే గోడలు చెమ్మ పట్టి, తడిసిన అట్టపెట్టెల వాసన వేస్తుంది. ప్రసాద్ పనిమంతుడే, నోరూ మంచిదే. ఉన్నదల్లా ఒకటే జబ్బు. బాగుచేసిన ప్రతి ల్యాప్‌టాప్‌కీ అడక్కుండా ఏదో ఒక ఉపకారం చేసి పంపుతాడు.

ఆ ఉపకారం ఏమిటో చెప్పాలి. హార్డ్‌డిస్కులో మనకి కనబడేవి సి, డి అని అక్షరాలున్న అరలు. అవికాక అక్షరం లేనివి కొన్ని ఉంటాయి, బీరువాలో దాపుడు అరల్లాగా. మిషను లేవడానికి కావలసిన ఫైళ్ళు ఒకదాంట్లో, విండోస్ చెడితే కొన్ననాటి స్థితికి తెచ్చుకోడానికి కంపెనీవాళ్ళు ఉంచిన నకలు ఇంకోదాంట్లో. మన చేతులు ఊరుకోవు గనకే వాటిని కనబడకుండా పెట్టారు. ప్రసాద్‌కి ఇదంతా బాగా తెలుసు. తెలిసీ, మిషను లేవడానికి కావలసినవి కొత్త విండోస్ ఎలాగూ మళ్ళీ రాసుకుంటుందిలే అని, అది వేసేటప్పుడు వాటిని చెరిపి డి డ్రైవులో కలిపేసేవాడు. "మీకు జాగా పెంచానండి" అంటే వచ్చిన పార్టీ మొహం వెలిగిపోయేది. పెరిగిన జాగాలో సినిమాలో పాటలో నింపి మరీ ఇచ్చేవాడు.

ఆరోగ్యమ్మ జగ్గయ్యపేట నుంచి వచ్చింది. రిటైరైన టీచరు. కూతురు జెరూషా కామెర్లతో పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ పిల్ల ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదు.

"దీంట్లో దాని పాటలున్నయి బాబూ. చర్చిలో పాడేది. ఆస్పత్రి మంచమ్మీద కూడా పాడి దాచుకుంది. పిన్ని పిల్లలు చెరిపేస్తారని ఎవరికీ కనపడకుండా పెట్టానంది. ఎక్కడో చెప్పలా."

"చూస్తానండి," అన్నాడు ప్రసాద్, ఫోన్లో ఇంకెవరితోనో మాట్లాడుతూనే.

మూత తెరవగానే బత్తాయి వాసన వచ్చింది. మీటల మీద జిగటగా ఒక మరక. తుడిచేశాడు. ఎప్పటిలాగే విండోస్ వేసి, అక్షరం లేని అరలన్నీ చెరిపి కలిపేశాడు. వాటిలో ఒకటి కాస్త పెద్దదే. కంపెనీ నకలు కాబోలనుకున్నాడు. చర్చికి వెళ్ళే మనిషి కదా, సంతోషిస్తుందని, తన దగ్గరున్న యేసు పాటలన్నీ ఆ జాగా నిండా ఎక్కించాడు.

ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు, "పాటలున్నాయండి, వినండి" అని తనే గర్వంగా నొక్కాడు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది.

"ఇది మా అమ్మాయి గొంతు కాదు బాబూ."

ఎవరికీ కనపడకుండా పెట్టిందని ఆవిడ ముందు చెప్పిన మాట, తను చెరిపిన ఆ పెద్ద అర అప్పుడు గుర్తొచ్చాయి ప్రసాద్‌కి. చెరిపినచోట మళ్ళీ నింపాక తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు.

"అవి ముందే పోయినయ్యండి. డిస్కు దెబ్బతింది."

"నువ్వేం చేస్తావులే. పాపం కష్టపడ్డావు," అని, సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ కాయలు అతను తినలేకపోయాడు, పారెయ్యనూ లేకపోయాడు. ఎవరైనా అటు చూస్తే సిగ్గేసి వాటి ముందు ఏదో ఒకటి అడ్డం పెట్టేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. పైన షాపులన్నీ మూసేశారు. వాన నీళ్ళు మెట్ల మీంచి సన్నగా జారుతున్నాయి. ప్రసాద్ షట్టరు సగం దించుకుని ఎవరిదో మిషను ముందు కూర్చున్నాడు. బల్ల మీద బత్తాయిలు ఎప్పుడో ఎండి గట్టిపడ్డాయి. వాసన మాత్రం ఇప్పుడే ఎవరో ఒలుస్తున్నట్టు ఉంది.

తెర మీద డిస్కు అరలు కనిపిస్తున్నాయి. చివర్న అక్షరం లేనిది ఒకటి. చెరిపాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెరిపాడు... వచ్చింది. ఈసారి కాస్త పెద్దదిగా. లేచి తన సొంత కంప్యూటర్ తెరిచి చూశాడు.

అందులోనూ ఉంది.

దానికొక అక్షరం ఇచ్చి తెరిచాడు. లోపల ఒకే ఒక్క పాట. నొక్కాడు. ముందు ఏమీ లేదు... తర్వాత సీలింగు ఫ్యాను చప్పుడు, కిర్రు కిర్రుమంటూ. ఒక దగ్గు. సన్నగా ఆడపిల్ల గొంతు. ఊపిరి చాలక ఆగి ఆగి పాడుతోంది. సగంలో తెగిపోయింది.

తర్వాత వినబడింది తన గొంతే.

"అవి ముందే పోయినయ్యండి."

ఫ్యాను చప్పుడు...

"అన్నా," అంది ఆ పిల్ల, చెవి పక్కనే నిలబడ్డంత దగ్గరగా. "అమ్మకి చెప్పవా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే భయపడి పారిపోయేవాడు. అది బతిమాలుతోంది. ఆ సెల్లారులో ప్రసాద్ సిగ్గుతో కుంచించుకుపోయాడు. పాటని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, తెల్లారగానే జగ్గయ్యపేట బస్సెక్కాడు.

ఆరోగ్యమ్మ కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఆ ల్యాప్‌టాప్‌ని తనే తెచ్చి ముందు పెట్టింది.

"ఒక పాట దొరికిందండి. ఆ రోజు డిస్కు పాడవలేదు టీచరుగారూ... చెయ్యి జారిందండి. పొరపాటున చెరిగిపోయినయ్."

బస్సులో దారి పొడుగునా ఉన్నదున్నట్టు చెప్పాలని కూడబలుక్కున్న మనిషి, తీరా నోటిదాకా వచ్చాక దాన్ని ఇలా కత్తిరించి చెప్పాడు. ఆవిడ ల్యాప్‌టాప్ మూత తెరిచి అతని వైపు తిప్పింది.

"పొరపాటేగా బాబూ. వినిపించు."

పాట మొదలైంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షాపులో తెగినచోట ఈసారి తెగలేదు, పాట చివరిదాకా సాగింది. దాని వెనక తన అబద్ధం వినబడలేదు. గండం గడిచిందనుకున్నాడు ప్రసాద్. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మళ్ళీ ఫ్యాను చప్పుడు. తర్వాత...

"చెయ్యి జారిందండి. పొరపాటున చెరిగిపోయినయ్."

ఇప్పుడే, ఈ గదిలో తను అన్న మాట. వెనకాలే ఆరోగ్యమ్మ గొంతు. "పొరపాటేగా బాబూ. వినిపించు."

ఆవిడ కొంగు దించింది.

"అన్నా," అంది జెరూషా. "మొత్తం చెప్పు."

అతను పాట ఆపబోయాడు. ఆగలేదు. పెన్‌డ్రైవు లాగేశాడు. అయినా ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తూనే ఉంది. గదిలో బత్తాయి వాసన కమ్ముకుంది.

"ఇంకా ఏముంది బాబూ చెప్పాల్సింది?" అని మెల్లగా అడిగింది ఆరోగ్యమ్మ.

అతను నోరు విప్పనంతసేపూ, తెర మీద ఆ పాట నిడివి పెరుగుతూ పోయింది.